రక్తం తీసే పనికి ఏ దారి మేలు: ఆన్‌లైన్ కోర్సా, ల్యాబ్‌లో శిక్షణా, డీఎంఎల్‌టీనా?

ఫోన్‌లో ఒక్కసారి ఫ్లెబాటమీ (రక్తం తీసే పని) టెక్నీషియన్ కోర్సు అని వెతికితే చాలు, మర్నాటి నుంచి ప్రకటనలు వదలవు. ఇంట్లో కూర్చుని నేర్చుకోండి, నెలలోపే సర్టిఫికెట్, వంద శాతం ఉద్యోగం అంటాయి. పరకాల, నర్సంపేట, హుజూరాబాద్ నుంచి బస్సెక్కి హనుమకొండ ల్యాబ్‌ల చుట్టూ తిరిగే పిల్లలు, వాళ్ల వెంట వచ్చే అమ్మానాన్నలు అడిగేది ఒకటే. ఈ ఆన్‌లైన్ కోర్సు నిజంగా పనికొస్తుందా, లేక రెండేళ్లు పెట్టి మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా (డీఎంఎల్‌టీ) చదవాలా?

ల్యాబ్‌లో కొత్తవాళ్లకు పని నేర్పే మనిషిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ పనిలో బుర్రతో నేర్చుకునే భాగం ఆన్‌లైన్‌లో బాగానే వస్తుంది. చేతితో నేర్చుకునే భాగం రాదు. సర్కారు కొలువుకు కావాల్సిన పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ అసలే రాదు. ఈ మూడూ వేర్వేరు సంగతులని తెలియక, ఒకటి కొనుక్కుని మిగతా రెండూ దానితోపాటే వస్తాయనుకునేవాళ్లే ఎక్కువగా నష్టపోతున్నారు.

## ముందు ఏం చూసి ఎంచుకోవాలి

ఫీజు తర్వాత చూద్దాం. అంతకన్నా ముందు చూడాల్సింది, కోర్సు పూర్తయ్యేలోపు బతికున్న మనుషుల చేతుల మీద ఎన్నిసార్లు రక్తం తీయనిస్తారన్నది. బొమ్మ చెయ్యి మీద కాదు, వీడియోలో కాదు.

ఎందుకంత పట్టుబడుతున్నానో ఒక పేషెంట్‌ను చూస్తే తెలుస్తుంది. మే నెల, పొద్దున ఏడు గంటలు. డెబ్బై ఏళ్ల అవ్వ ఫాస్టింగ్ శాంపిల్ ఇవ్వడానికి వచ్చింది. ఫాస్టింగ్ అంటే నీళ్లు కూడా తాగొద్దని ఇంట్లో ఎవరో చెప్పారు. రాత్రి నుంచి గుక్కెడు నీళ్లు లేవు, నరాలన్నీ లోపలికి పోయాయి. మోచేతి మడతకు మూడు నాలుగు అంగుళాలు పైన టోర్నికే (నరం ఉబ్బేలా బిగించే పట్టీ) కట్టాలి, నిమిషం దాటకుండా వదలాలి. దాటితే అక్కడ రక్తం చిక్కబడి ప్రొటీన్, క్యాల్షియం లాంటివి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. ఆ నిమిషంలోనే చూపుడు వేలితో నరం వెతకాలి. కంటికి నీలంగా కనిపించేదల్లా మంచి నరం కాదు. వేలితో నొక్కితే స్పాంజిలా లోపలికి దిగి మళ్లీ పైకి లేచేదే మనకు కావాలి. తాడులా గట్టిగా తగిలితే అది కండరాన్ని ఎముకకు కట్టే టెండన్. కొట్టుకుంటూ ఉంటే ధమని, దాని జోలికి పోవద్దు. ముసలివాళ్ల నరం సూది తగలగానే పక్కకు జారుతుంది. బొటనవేలితో కింది చర్మాన్ని లాగి పట్టుకుని, 15 నుంచి 30 డిగ్రీల వాలులో సూది దించాలి. అవ్వ ఒక పక్క “మెల్లగ బిడ్డా, మొన్నటాయన రెండుసార్లు గుచ్చిండు” అంటూనే ఉంటుంది. మీ చెయ్యి వణకకూడదు, మీ మొహంలో టెన్షన్ కనిపించకూడదు.

ఇదంతా నేను రాసినట్టే వీడియోలో చెప్తారు, చూపిస్తారు కూడా. కానీ వేలి కింద ఆ స్పాంజి లాంటి మెత్తదనం తెలియాలంటే చాలా చేతులు పట్టుకోవాలి. సన్నవాళ్లవి, లావుగా ఉన్నవాళ్లవి, కీమో తీసుకుంటున్నవాళ్లవి, చిన్నపిల్లలవి.

ఎన్ని చేతులంటే? పోల్చుకోవడానికి అమెరికా లెక్క పనికొస్తుంది. అక్కడ ఎన్‌హెచ్‌ఏ అనే సంస్థ ఇచ్చే ఫ్లెబాటమీ సర్టిఫికెట్ కావాలంటే మనుషుల మీద కనీసం 30 సార్లు నరం నుంచి రక్తం తీసి, 10 సార్లు వేలికొన గుచ్చి తీసినట్టు రుజువు చూపాలి. కాలిఫోర్నియాలో లైసెన్స్ కోసం 40 గంటల ప్రాక్టికల్, అందులో 50 సార్లు నరం నుంచి, 10 సార్లు చర్మం గుచ్చి తీసిన రికార్డు ఉండాలి. ఆన్‌లైన్ ఫ్లెబాటమీ గురించి నెట్‌లో కనిపించే ఇంగ్లిష్ పేజీల్లో చాలావరకు ఆ దేశం వాళ్ల కోసం రాసినవే. వాటిలోనూ ఆన్‌లైన్‌లో జరిగేది థియరీ వరకే, చేతి పని క్లినిక్‌కు వెళ్లి చేయాల్సిందే. ఆ సంగతి ఇక్కడి ప్రకటనల్లోకి వచ్చేసరికి మాయమైపోతోంది.

రెండోది, సర్టిఫికెట్ మీద ఎవరి పేరుంది. ప్రైవేటు సంస్థ తన లెటర్‌హెడ్ మీద ఇచ్చేది ఒకటి. వైద్య రంగంలో నైపుణ్య కోర్సులు చూసే హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ పరీక్ష పెట్టి ఇచ్చేది ఒకటి. తెలంగాణ పారామెడికల్ బోర్డు రిజిస్టర్ చేసేది ఇంకొకటి. చూడ్డానికి మూడింటి మీదా ముద్రలు, క్యూఆర్ కోడ్‌లు ఉంటాయి. ఉద్యోగం దగ్గర మాత్రం మూడింటికీ విలువ ఒకటి కాదు.

మూడోది, మీ చేతిలో ఉన్న కాలం, ఇంట్లో డబ్బు పరిస్థితి. నాలుగోది, పదేళ్ల తర్వాత ఎక్కడ ఉండాలనుకుంటున్నారన్నది. రక్తం తీయడం దగ్గరే ఆగితే ఒక దారి సరిపోతుంది. ల్యాబ్‌లో మెషీన్ల దగ్గరికి, రిపోర్టుల దగ్గరికి వెళ్లాలనుకుంటే ఆ దారి సరిపోదు.

## ఒక్క చూపులో

| దారి | కాలం | అర్హత | మనుషుల మీద ప్రాక్టికల్ | పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ | ఎక్కడ పనికొస్తుంది |
|---|---|---|---|---|---|
| పూర్తిగా ఆన్‌లైన్ | వారాలు | దాదాపు ఎవరైనా | ఉండదు | రాదు | ఇప్పటికే ఈ రంగంలో ఉన్నవాళ్లకు అదనపు చదువుగా |
| ఆన్‌లైన్ థియరీ, ల్యాబ్‌లో ప్రాక్టికల్. స్కిల్ కోర్సులు | కొన్ని నెలలు | కోర్సును బట్టి పది లేదా ఇంటర్ | కోర్సును బట్టి | రాదు | ప్రైవేటు ల్యాబ్‌లు, కలెక్షన్ సెంటర్లు, హోం కలెక్షన్ |
| ల్యాబ్‌లో చేరి నేర్చుకోవడం | మీ పట్టును బట్టి | ల్యాబ్ ఇష్టం | బాగా | రాదు | నేర్చుకున్న ల్యాబ్, ఆ ఊళ్లో చిన్న ల్యాబ్‌లు |
| ఇంటర్ వొకేషనల్ ఎంఎల్‌టీ | 2 ఏళ్లు, ఆపై ఏడాది అప్రెంటిస్‌షిప్ | పది | అప్రెంటిస్‌షిప్‌లో | వస్తుంది | ప్రైవేటు, ప్రభుత్వం |
| డీఎంఎల్‌టీ | 2 ఏళ్లు | ఇంటర్ | ఆసుపత్రిని బట్టి | వస్తుంది | ప్రైవేటు, ప్రభుత్వం |
| బీఎస్సీ ఎంఎల్‌టీ | ఇంటర్న్‌షిప్‌తో కలిపి 4 ఏళ్లు | ఇంటర్ బైపీసీ | ఉంటుంది | వస్తుంది | పెద్ద ల్యాబ్‌లు, ప్రభుత్వం, పై చదువులు |

## పూర్తిగా ఆన్‌లైన్ కోర్సు

దీన్ని పనికిరానిదని తీసిపారేయను. ట్యూబుల సంగతే తీసుకోండి. ఏ రంగు మూత ట్యూబు ముందు, ఏది తర్వాత అన్నది ఎవరైనా ఇంట్లో కూర్చుని నేర్చుకోగలిగిందే. ల్యాబ్‌లో మాత్రం హడావుడిలో చాలామంది తప్పుగా నేర్చుకుంటారు. బ్లడ్ కల్చర్ సీసాలు మొదట, తర్వాత లేత నీలం మూత, ఆ తర్వాత ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, పర్పుల్, చివర బూడిద రంగు. వరస ఎందుకంటే పర్పుల్ ట్యూబులో ఈడీటీఏ అనే మందు ఉంటుంది, అందులో పొటాషియం ఉంటుంది. పర్పుల్ ముందు తీసి ఎరుపు తర్వాత తీస్తే సూది ద్వారా ఆ మందు చుక్కంత అంటుకున్నా రిపోర్టులో పొటాషియం పెరిగి, క్యాల్షియం తగ్గి కనిపిస్తుంది. పేషెంట్‌కు ఏమీ ఉండదు, డాక్టర్ మాత్రం గుండెకు ముప్పని కంగారుపడతారు. నీలం ట్యూబును గీత దాకా నింపకపోతే రక్తం గడ్డకట్టే పరీక్షలన్నీ తప్పుతాయి. అందులో తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ఉండాలన్నది లెక్క.

ఇలాంటివి, శరీర నిర్మాణం, ఇన్‌ఫెక్షన్ రాకుండా తీసుకునే జాగ్రత్తలు, బయోమెడికల్ వేస్ట్ ఏ రంగు డబ్బాలో వేయాలి, పేషెంట్ కళ్లు తిరిగి పడిపోతే ఏం చేయాలి అన్నవి ఆన్‌లైన్‌లో మళ్లీ మళ్లీ చూసుకోవచ్చు. మంచి కోర్సయితే ఎందుకు అన్నది కూడా చెప్తుంది. చాలా ల్యాబ్‌ల్లో సీనియర్లకు అంత ఓపిక ఉండదు.

కానీ ఇది ఒక్కటే పట్టుకుని ఉద్యోగానికి వస్తే, ల్యాబ్ వాళ్లు సర్టిఫికెట్ చూడకముందే సిరంజి చేతికిచ్చి చూస్తారు. అక్కడే తేలిపోతుంది. ల్యాబ్‌ల నాణ్యతను పరిశీలించే ఎన్‌ఏబీఎల్ అనే జాతీయ సంస్థ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లయితే ఐఎస్‌ఓ 15189 ప్రమాణం ప్రకారం సిబ్బంది అర్హత, శిక్షణ, చేతి నైపుణ్యం రికార్డులన్నీ పెట్టుకోవాలి. వాళ్లకు వీడియో చూసిన గంటలతో పనిలేదు.

ఇంకో మాట, ఇది ముఖ్యం. కొన్ని చోట్ల ‘ఆన్‌లైన్ డీఎంఎల్‌టీ’, ‘డిస్టెన్స్ బీఎస్సీ ఎంఎల్‌టీ’ అని కూడా అమ్ముతున్నారు. 2021లో వచ్చిన జాతీయ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం పరిధిలోకి మెడికల్ ల్యాబ్ రంగం వస్తుంది. ఆ చట్టం పరిధిలోని కోర్సులను 2025 జులై–ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపొద్దని యూజీసీ యూనివర్సిటీలకు చెప్పింది. కాబట్టి ఇంట్లో కూర్చుంటే డీఎంఎల్‌టీ ఇస్తామనేవాళ్ల దగ్గరికి అసలు వెళ్లొద్దు. బతిమాలి చెప్తున్నాను, అడ్వాన్స్ కూడా కట్టొద్దు.

## ఆన్‌లైన్ థియరీ, ల్యాబ్‌లో ప్రాక్టికల్

తొందరగా సంపాదనలో పడాల్సినవాళ్లకు నా దృష్టిలో ఇదే సరైన మధ్యదారి. షరతు ఒకటే, ప్రాక్టికల్ ఎక్కడ, ఎన్ని రోజులు, ఎవరి కింద అన్నది కాగితం మీద ఉండాలి. ‘దగ్గర్లోని ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ చూసుకోవాలి’ అని వదిలేసే కోర్సు పేరుకే ఇది, లోపల పూర్తిగా ఆన్‌లైన్ కోర్సే.

ఇందులో నమ్మదగ్గది కేంద్ర ప్రభుత్వ నైపుణ్య శిక్షణ కార్యక్రమం స్కిల్ ఇండియా కిందికి వచ్చే ఫ్లెబాటమీ కోర్సు. హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ సిలబస్ తయారుచేస్తుంది, శిక్షణ సెంటర్ ఒకరు ఇస్తారు, పరీక్ష వేరేవాళ్లు పెడతారు. నేర్పినవాళ్లే పాస్ చేయించుకునే ఏర్పాటు కాకపోవడం దీని బలం. స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ వెబ్‌సైట్‌లో మీ జిల్లా పెట్టి, ఆ సెంటర్ పేరు అక్కడ ఉందో లేదో చూసుకోండి. గోడ మీద లోగో ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. సెంటర్‌కు వెళ్లి పోయిన బ్యాచ్ పిల్లలు ఇద్దరితో మాట్లాడించమని అడగండి. ఇగ్నో కూడా ఫ్లెబాటమీ అసిస్టెన్స్‌లో 6 నెలల సర్టిఫికెట్ కోర్సు తయారుచేసింది. ఈ సెషన్‌కు అడ్మిషన్ ఉందో లేదో, ప్రాక్టికల్ ఏ ఊళ్లోనో ప్రాస్పెక్టస్‌లో చూశాకే దరఖాస్తు చేయండి.

ఈ దారిలో దొరికే పని ఎక్కువగా కలెక్షన్ సెంటర్లలో, హోం కలెక్షన్‌లో ఉంటుంది. హోం కలెక్షన్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లను మొదట దానికే పంపుతారు. నిజానికి అది అనుభవం ఉన్నవాళ్లు చేయాల్సిన పని. పొద్దున ఆరింటికి హంటర్ రోడ్డులో ఒక ఇల్లు, ఆరున్నరకు కాజీపేటలో ఇంకో ఇల్లు. పక్కన సీనియర్ ఉండరు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్న పేషెంట్, చాలని వెలుతురు, చుట్టూ నిలబడి చూసే ఇంటిల్లిపాది. పేరు, వయసు పేషెంట్‌తోనే చెప్పించుకుని, ట్యూబు మీద లేబుల్ అక్కడే మంచం పక్కనే అంటించాలి. బయటికొచ్చి బండి మీద అంటిస్తే రెండిళ్ల శాంపిళ్లు తారుమారవుతాయి. మొదటి రెండు మూడు నెలలు సెంటర్లోనే ఉంచమని, తర్వాత బయటికి పంపమని చేరేటప్పుడే అడగండి. ఒప్పుకునే ల్యాబ్‌లు ఉన్నాయి. బండి, డ్రైవింగ్ లైసెన్స్ మాత్రం తప్పనిసరి. పెట్రోలు ఎవరిదన్నది కూడా ముందే తేల్చుకోవాలి, జీతంలో సగం కష్టం అక్కడే దాగి ఉంటుంది.

ఆడపిల్లలు చాలామంది హోం కలెక్షన్ వద్దని సెంటర్ పని అడుగుతారు. అది న్యాయమే. గర్భిణులు, ఇంట్లో ఉండే పెద్దావిడలు ఆడవాళ్లే రావాలని కోరుకుంటారు కాబట్టి ల్యాబ్‌లకు వాళ్ల అవసరమూ ఉంది. ఏరియా, టైమింగ్ మీద మాట్లాడుకునే బలం మీకు ఉందని గుర్తుపెట్టుకోండి.

## ల్యాబ్‌లో చేరి నేర్చుకోవడం

మన దగ్గర పాత పద్ధతి ఇదే. వరంగల్‌లోని పెద్దాసుపత్రి ఎంజీఎం చుట్టుపక్కల, నక్కలగుట్టలో, బాలసముద్రంలో, జిల్లా కేంద్రాల్లో బస్టాండ్ దగ్గర ఉండే ల్యాబ్‌ల్లో హెల్పర్‌గా చేరి, ఊడ్చి, ట్యూబులకు లేబుళ్లు అంటించి, నెమ్మదిగా సూది పట్టినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో కొందరి చెయ్యి డిగ్రీ ఉన్నవాళ్లకన్నా నిలకడగా ఉంటుంది. చేతి పని ఇంతగా ఇంకెక్కడా రాదు.

కానీ ఎందుకు చేస్తున్నారో తెలియకుండా చేయడం అలవాటైపోతుంది. సిరంజితో లాగిన రక్తాన్ని సూది తీయకుండా ట్యూబులోకి గట్టిగా తోసేయడం చాలా చోట్ల చూస్తాం. ఎర్రకణాలు పగిలి శాంపిల్ పాడవుతుంది, పొటాషియం తప్పుగా వస్తుంది. సూదికి మళ్లీ మూత పెట్టడం ఇంకా ప్రమాదం. వేలికి గుచ్చుకునేది ఎక్కువగా అప్పుడే. వాడిన సూదిని అలాగే తెల్లరంగు గట్టి డబ్బాలో వేయాలని 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనలు చెప్తున్నాయి. నేర్పే సీనియరే మూత పెడుతుంటే కొత్త పిల్లవాడు ఏం నేర్చుకుంటాడు?

పైగా చేతిలో కాగితం ఉండదు. ఐదేళ్లు పనిచేసినా ల్యాబ్ మారితే మళ్లీ మొదటికే వస్తారు. ఈ దారిలో ఉన్నవాళ్లకు నా సలహా, ఒక మంచి ఆన్‌లైన్ థియరీ కోర్సు చేసి, పక్కనే స్కిల్ కౌన్సిల్ పరీక్ష రాయండి. పూర్తి ఆన్‌లైన్ కోర్సుకు నిజంగా ఫలితం దక్కేది మీకే. చెయ్యి ఇప్పటికే ఉంది కాబట్టి.

## వొకేషనల్ ఎంఎల్‌టీ, డీఎంఎల్‌టీ, బీఎస్సీ

సర్కారు ఉద్యోగం మీద ఆశ ఉంటే ఈ మూడింటిలో ఒకటి చేయక తప్పదు. ఎందుకో లెక్కతో చెప్తాను. 2024 సెప్టెంబర్‌లో తెలంగాణ మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్–2 పోస్టులు 1,284 భర్తీ చేస్తామని నోటిఫికేషన్ ఇచ్చింది. జీతం స్కేలు 32,810 నుంచి 96,890 రూపాయలు. అడిగిన అర్హతల్లో డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ, ఏడాది అప్రెంటిస్‌షిప్‌తో ఇంటర్ వొకేషనల్ ఎంఎల్‌టీ ఉన్నాయి. పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఫ్లెబాటమీ సర్టిఫికెట్ ఆ జాబితాలో లేదు. వంద మార్కుల్లో 80 రాతపరీక్షకు, 20 ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ మీద చేసిన సర్వీసుకు. అంటే రిజిస్ట్రేషన్ ఉండి ముందుగా కాంట్రాక్టు పనిలో చేరినవాళ్లకు తర్వాత కూడా మేలు జరుగుతుంది.

ఉత్తర తెలంగాణలో ఈ పని అవసరం కూడా పెరిగింది. 2021 జూన్‌లో రాష్ట్రంలోని 19 జిల్లాల్లో తెలంగాణ డయాగ్నోస్టిక్స్ హబ్‌లు (ప్రభుత్వ పరీక్షల ల్యాబ్‌లు) మొదలయ్యాయి. పీహెచ్‌సీల్లో తీసిన శాంపిళ్లు అక్కడికి వెళ్తాయి. మహబూబాబాద్, మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలో 2022లో, జనగామ, భూపాలపల్లి, కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాద్‌లో 2023లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఆదిలాబాద్, ములుగు ఏజెన్సీ ఊళ్లలో సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు) పరీక్షలు జరుగుతున్నాయి. 2023లో మొదలైన జాతీయ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వాళ్లందరినీ పరీక్షించాలి. గోండి, కోయ మాట్లాడే ఇళ్ల పిల్లలు ఈ చదువుకు వస్తే ఆ ఊళ్లకు ఎంత మేలో. తమ భాషలో నచ్చజెప్పే మనిషి ఉంటే సూదంటే భయపడే తల్లి కూడా బిడ్డ చెయ్యి చాపిస్తుంది.

ఇక మూడింటిలో ఏది?

పది పాసై, ఇంకో నాలుగైదేళ్లు చదివించే స్థోమత ఇంట్లో లేకపోతే వొకేషనల్ ఎంఎల్‌టీ. రెండేళ్ల ఇంటర్ తర్వాత ఏడాది అప్రెంటిస్‌షిప్ చేస్తేనే రిజిస్ట్రేషన్. ఈ ఏడాదిని వదిలేసి పనిలో చేరిపోయేవాళ్లు చాలామంది. అప్పుడు చేతిలో ఉన్నది ఇంటర్ పాసైన కాగితం మాత్రమే. తర్వాత బీఎస్సీ ఆలోచన ఉంటే వొకేషనల్ వాళ్లను పై చదువులకు అర్హులను చేసే బ్రిడ్జి కోర్సు కూడా ఇంటర్‌తోపాటే రాసేయాలి.

ఇంటర్ బైపీసీ అయిపోయి ఉంటే డీఎంఎల్‌టీ. ఇంటర్ మార్కుల మెరిట్ మీద సీటు, బైపీసీ వాళ్లకు మొదటి ప్రాధాన్యం. మిగిలితే ఎంపీసీ, ఆ తర్వాత మిగతా గ్రూపులు. వరంగల్ వాళ్లకు కాకతీయ మెడికల్ కాలేజీలో సీటు వస్తే రెండో ఆలోచన వద్దు. 1959 నుంచి ఉన్న కాలేజీ, పక్కనే ఎంజీఎం. వరంగల్ ఒక్కటే కాదు, చుట్టుపక్కల జిల్లాల పేషెంట్లంతా అక్కడికే వస్తారు. రెండేళ్లలో మీ చేతికి దొరకని రకం నరం ఉండదు. ప్రైవేటు కాలేజీ అయితే ముందు బోర్డు గుర్తింపు చూసి, తర్వాత అది ఏ ఆసుపత్రితో కలిసి నడుస్తోందో చూడండి. బిల్డింగ్ ఎంత బాగున్నా, పక్కన పడకలు నిండిన ఆసుపత్రి లేకపోతే మీరు రెండేళ్లూ నోట్సు రాసుకుని బయటికొస్తారు. ఈ-పాస్ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ కాలేజీకి వర్తిస్తుందా అన్నది కూడా చేరకముందే తేల్చుకోండి.

బీఎస్సీ ఎంఎల్‌టీ కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీ కిందికి వస్తుంది. ఆ యూనివర్సిటీ మన వరంగల్‌లోనే ఉంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. రక్తం తీయడం కోసమే అయితే ఇంత అక్కర్లేదు. ల్యాబ్‌లో మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ సెక్షన్లు చూసుకోవాలన్నా, ఎమ్మెస్సీ చేసి పాఠాలు చెప్పాలన్నా ఇది చేయాలి.

## మీరు ఎవరో దాన్ని బట్టి

జీఎన్ఎం, ఏఎన్ఎం నర్సింగ్ కోర్సులు చేసినవాళ్లకు సూది కొత్త కాదు. మీకు పూర్తి కోర్సు డబ్బు దండగ. ట్యూబుల వరస, వ్యాక్యుటైనర్ (రక్తాన్ని తనే లోపలికి లాక్కునే ట్యూబు) వాడకం, శాంపిల్ ఎంతసేపట్లో ల్యాబ్‌కు చేరాలి అన్నవి ఒక చిన్న ఆన్‌లైన్ కోర్సుతో సరిచేసుకుంటే చాలు.

పిల్లలు కాస్త పెద్దయ్యాక పని వెతుక్కుంటున్న గృహిణులకు ఆన్‌లైన్ థియరీ, దగ్గర్లోని కలెక్షన్ సెంటర్లో ప్రాక్టికల్ బాగా కుదురుతుంది. మధ్యాహ్నానికి అయిపోయే పని ఇది. కానీ పొద్దున ఆరింటికి ఇల్లు వదలగలరా లేదా అన్నది ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. ఫాస్టింగ్ శాంపిళ్లన్నీ అప్పుడే వస్తాయి.

డిగ్రీ ఆగిపోయి, ఇంట్లో వెంటనే జీతం కావాల్సిన పిల్లలు స్కిల్ కోర్సు చేసి పనిలో చేరండి. కానీ వీలైతే రెండేళ్లలోపు డీఎంఎల్‌టీ సీటుకు దరఖాస్తు చేయండి. చెయ్యి బాగా తిరిగాక జీతం ఎందుకు పెరగడం లేదని బాధపడేది ఈ వయసు వాళ్లే. కారణం రిజిస్ట్రేషన్ లేకపోవడమే.

అమెరికా, గల్ఫ్ ఆలోచనతో నెట్‌లో అక్కడి సర్టిఫికెట్లు కొందామనుకునేవాళ్లు ఆగండి. ప్రతి దేశానికీ, అమెరికాలోనైతే కొన్ని రాష్ట్రాలకూ సొంత నిబంధనలున్నాయి. కాలిఫోర్నియా, వాషింగ్టన్, నెవాడా, లూసియానా విడిగా అనుమతి అడుగుతాయి. ఇక్కడి బోర్డుకు ఆ కాగితంతో పనిలేదు. డిగ్రీ, అనుభవం ఇక్కడ సంపాదించుకున్నాకే వాటి జోలికి వెళ్లాలి.

## డబ్బు కట్టే ముందు

ఫోన్‌లో కాదు, వెళ్లి అడగండి. కుదరకపోతే వాట్సాప్‌లో రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. మనుషుల మీద ఎన్నిసార్లు రక్తం తీయిస్తారు, దానికి లాగ్‌బుక్ ఉందా, ఎవరు సంతకం పెడతారు? ప్రాక్టికల్ జరిగే ల్యాబ్ పేరేమిటి? ఆ ల్యాబ్‌కు మీరే ఒకసారి వెళ్లి, ఈ సంస్థ పిల్లలు నిజంగా వస్తారా అని కనుక్కోండి. పరీక్ష ఎవరు పెడతారు? మధ్యలో మానేస్తే ఫీజులో ఎంత వెనక్కిస్తారు? ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అంటే పోయిన బ్యాచ్ వాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో చెప్పమనండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇంకొకటి మాత్రం ఏ దారిలో వెళ్లేవాళ్లకైనా ఒకటే. హెపటైటిస్–బి టీకా మూడు డోసులు, మొదటిది వేసుకున్నాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. చిన్నప్పుడు వేశారో లేదో కార్డు దొరకకపోతే డాక్టర్‌ను అడిగి, కోర్సులో చేరిన వారమే మొదలుపెట్టండి. ఎప్పుడైనా వాడిన సూది గుచ్చుకుంటే సబ్బు, నీళ్లతో కడిగి, పిండకుండా, దాచకుండా వెంటనే చెప్పండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. తిడతారని భయపడి దాచే పిల్లలు ఉన్నారు కాబట్టి, సూది గుచ్చుకుంటే మీ ల్యాబ్‌లో ఏం చేస్తారని చేరే రోజే అడగండి. సూటిగా జవాబు చెప్పలేని చోట నేర్చుకోవద్దు.